ఆకు రాలితేనే పండు

కరీంనగర్ గుట్టల నుంచి కవ్వాల్ అడవి దాకా... రేగు, తునికి, మొర్రి, నేరేడు! ఏ పండు ఎక్కడ కాయాలో, ఎప్పుడు పండాలో చాలావరకు తేల్చేది వెలుతురే. తరాలుగా సాగుతున్న ఆ ఎండా నీడల లెక్క ఇప్పుడు తప్పుతోంది.

మే నెలలో ఆదిలాబాద్ అడవికి వెళ్తామంటే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. ఊటీకో అరకుకో వెళ్లాల్సిన రోజుల్లో ఆ మాడిపోయిన అడవిలో ఏముంటుందని వాళ్ల అనుమానం. పైపైన చూస్తే ఆ మాటా నిజమే. టేకుచెట్లు ఆకులన్నీ రాల్చేసి గుంజల్లా నిలబడి ఉంటాయి. అడుగు వేస్తే చాలు, ఎండుటాకులు అప్పడాల్లా పటపటలాడతాయి. చాలా వాగుల్లో నీళ్లుండవు, ఇసుకా గులకరాళ్లే. ఎండ కొన్ని రోజుల్లో 45 డిగ్రీల దాకా పోతుంది.

కానీ ఈ అడవి చిట్టిపొట్టి పండ్లతో కళకళలాడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. పసుపుపచ్చగా తునికి పండ్లు, నల్లని ముత్యాల్లా మొర్రి పండ్లు... ఇంకో నెల ఆగితే నోరంతా ఊదా రంగు చేసే నేరేళ్లు. నీళ్లు లేని కాలంలో, ఆకు లేని అడవిలో ఇన్ని పండ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

తలెత్తి చూస్తే సగం జవాబు దొరికినట్టే. అక్కడ కొమ్మల మధ్య నుంచి నేల దాకా దిగే ఎండ కనిపిస్తుంది.

గట్టు మీద రేగు... కంపల్లో పరికి

ప్రయాణం కరీంనగర్ నుంచి మొదలుపెడదాం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక పాత కరీంనగర్ జిల్లా ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా విడిపోయింది. పాత ఆదిలాబాదేమో ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అంటూ నాలుగైంది. చెట్లను బట్టి గీత గీయమంటే మాత్రం ఈ దారిలో గోదావరి దగ్గరే గీయాలి. నదికి ఇటు ఎక్కువగా పొలాలు, చెరువులు, రాతిగుట్టలు. అటు టేకు అడవి.

ఇటువైపు రాజ్యం రేగుదే. పొలం గట్లు, బీడు భూములు, గుట్టల వాలు... నెత్తిన నీడ లేని చోటల్లా అది ఉంటుంది. దాని ఆకు తుంచి తిరగేసి చూడండి. పైన నున్నగా పచ్చగా ఉంటుంది, కింద తెల్లటి నూగు. ఆ నూగు ఆకులోని తడిని తొందరగా ఆరిపోనివ్వదు. ముళ్లు మేకల్ని కొంతవరకు ఆపుతాయి. వేరు లోతుకు పోయి నీటిని వెతుక్కుంటుంది. ఎండలో బతకడానికి కావలసిన సరంజామా అంతా పుట్టుకతోనే తెచ్చుకున్న చెట్టన్నమాట.

రేగు పూసేది ఆ ఏడాది వేసిన కొత్త రెమ్మల మీదే. కొత్త రెమ్మలు బాగా రావాలంటే ఎండ బాగా తగలాలి. వానలు వెనకబట్టే రోజుల్లో పూత పట్టి, సంక్రాంతి నాటికి పండుతుంది. భోగినాడు పిల్లల తలల మీద పోసే పండ్లు అవే. పెద్దచెట్ల నీడన మొలిచిన రేగు మాత్రం సన్నగా సాగుతుంది, కాపు అంతంత మాత్రమే. అందుకే ‘అడవి పండు’ అని పేరే గానీ రేగు కోసం నడి అడవికి పోయేవాళ్లు తక్కువ. ఊరి పొలిమేరే దాని చిరునామా.

దానికి తమ్ముడి వరస పరికి. చలికాలంలో చిన్న చిన్న నల్లటి పండ్లు కాస్తుంది. సొంతంగా నిటారుగా నిలబడే శక్తి తక్కువ. అయితేనేం, దాని ముళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి. ఆ కొక్కేలను పక్కనున్న కంపలకు తగిలించుకుంటూ పైకి పాకి, ఎండ తగిలే చోట తల బయటపెట్టి కాస్తుంది. పరికి పండ్లకు చెయ్యిపెట్టిన పిల్లలెవరూ గీరుకోకుండా ఇంటికి రాలేదంటే కారణం ఆ కొక్కేలే!

గుట్టల మీద సీతాఫలం సంగతి మరో ముచ్చట. ఇది అమెరికా ఖండం నుంచి మన దేశానికి వచ్చిన చెట్టు. రాళ్ల సందున పిడికెడు మట్టి, నిండా ఎండ ఉంటే చాలు, బతికేస్తుంది. ఎంతగా కలిసిపోయిందంటే ఇది పరాయిదని చెబితే ఎవరూ నమ్మరు.

ఈ గుట్టలకే ఇప్పుడు గండం వచ్చింది. కరీంనగర్ గ్రానైట్‌కు, ముఖ్యంగా ‘టాన్ బ్రౌన్’ రకానికి, విదేశాల్లో మంచి గిరాకీ. క్వారీల కింద కొన్ని గుట్టలు కరిగిపోయాయి. గుట్టతో పాటే దాని వాలు మీది రేగు, బలుసు, సీతాఫలం పొదలూ పోయాయి. ‘బతికుంటే బలుసాకు తినొచ్చు’ అనే సామెత తెలిసిన పిల్లలకు బలుసు చెట్టును చూపించాలంటే ఇప్పుడు కాస్త వెతకాలి.

వంతెన దాటితే

జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి రాయపట్నం దగ్గర గోదావరి దాటితే లక్సెట్టిపేట వైపు చేరుకుంటాం. అక్కడి నుంచి దండేపల్లి, జన్నారం. జన్నారం దాటాక రోడ్డుకు రెండువైపులా అడవి దగ్గరికి జరుగుతుంది. ఇదే కవ్వాల్. 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. ప్రధాన ప్రాంతమే సుమారు 893 చదరపు కిలోమీటర్లు. టేకుతో పాటు నల్లమద్ది, తునికి, మొర్రి, ఇప్ప, మోదుగ, ఉసిరి, వెదురు... అన్నీ కలగలిసి పెరిగే అడవి ఇది.

ఏడాదిలో వెయ్యి మిల్లీమీటర్లకు పైనే వాన పడే ప్రాంతం. కానీ ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసేస్తుంది. మిగతా నెలల్లో నీటికి కరువు. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతూనే ఉంటుంది కాబట్టి చెట్లు ఆకును వదులుకుంటాయి. సంక్రాంతి తర్వాత రాలడం మొదలై, హోలీ నాటికి చాలా చెట్లు బోడివవుతాయి. అప్పుడు మోదుగలు ఎర్రగా పూసి అడవంతా మంటలంటుకున్నట్టు కనిపిస్తుంది.

నీటిని ఆదా చేయడానికి చెట్టు చేసిన ఈ ఏర్పాటే అడవి పండ్లకు వరమైంది. ఎలాగంటారా?

ఆకుల కప్పు తెరిచే కాలం

వెలుతురు గురించి మాట్లాడుకునేటప్పుడు ముందు ఫిన్లాండ్‌ను ఓసారి తలుచుకోవాలి. అక్కడి అడవుల్లో నీలిరంగు బిల్‌బెర్రీలు విరివిగా కాస్తాయి. ఎవరి అడవిలోనైనా ఎవరైనా వెళ్లి కోసుకునే హక్కు అక్కడ ఉంది. ఆ దేశపు ఉత్తర కొసన వేసవిలో కొన్ని వారాలు సూర్యుడు అస్తమించనే అస్తమించడు. చలికాలంలో కొన్ని వారాలు ఉదయించడు. పగటి పొడవే అక్కడి పండ్ల కాలాన్ని శాసిస్తుంది.

మన ఆదిలాబాద్‌లో పగటి పొడవులో అంత తేడా ఉండదు. జూన్‌లో అతి పెద్ద పగలు సుమారు 13 గంటల పావు, డిసెంబరులో అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. రెండింటికీ తేడా రెండు గంటల పైచిలుకే. కాబట్టి ఇక్కడ చిన్న మొక్కకు ఎంత వెలుగు అందాలో నిర్ణయించేది ముఖ్యంగా దాని నెత్తి మీదున్న ఆకుల కప్పు.

ఆగస్టులో అడవిలోకి వెళ్తే పట్టపగలే మసక మసకగా ఉంటుంది. ఒక్కో టేకాకు అన్నం విస్తరంత. అలాంటి ఆకులు వరసలు వరసలుగా పరుచుకుంటే కిందికి ఎండ చుక్కలు చుక్కలుగా రాలాల్సిందే. అదే మార్చి నుంచి జూన్ తొలకరి దాకా కప్పు తెరుచుకునే ఉంటుంది. పైగా మే 13 ప్రాంతంలో కరీంనగర్‌లో, 18 ప్రాంతంలో ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గుంజకు కూడా కాసేపు నీడ ఉండదు. అటు ఆకులు లేవు, ఇటు సూర్యుడు నడినెత్తిన. ఏడాది మొత్తంలో అడవి నేలకు దక్కే వెలుగుల పండగ అదే!

అమెజాన్ లాంటి నిత్యహరితారణ్యాల్లో నేలకు చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్లే. అక్కడ చిన్న మొక్క ఎదగాలంటే ఏ పెద్దచెట్టో కూలి సందు ఇవ్వాలి. మన ఆకురాల్చే అడవి ఏటా తనంతట తానే సందు ఇస్తుంది.

నీడను పసిగట్టే మొక్క

మొక్కకు కళ్లు లేవు. మరి తాను నీడలో ఉన్నదీ ఎండలో ఉన్నదీ దానికెలా తెలుస్తుంది?

1950ల్లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు ఈ గుట్టు విప్పారు. మొక్కలో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. ఎండలో మామూలు ఎరుపు కాంతి, మన కంటికి దాదాపు ఆనని దూరపు ఎరుపు కాంతి ఇంచుమించు సమానంగా ఉంటాయి. పైనున్న ఆకు ఎరుపును తనలోకి పీల్చేసుకుని, దూరపు ఎరుపును మాత్రం కిందికి వదిలేస్తుంది. అంటే కిందికి వచ్చేది పై ఆకు వాడుకోగా మిగిలిన వెలుగు. ఫైటోక్రోమ్ ఆ తేడాను వెంటనే పట్టేస్తుంది. ‘నా మీద ఎవరో ఉన్నారు’ అని మొక్కకు కబురు అందినట్టే.

కబురు అందాక ఎండను కోరే మొక్క చేసే పని ఒకటే... వెలుగు కోసం పరుగు. కాండం సన్నగా పొడవుగా సాగుతుంది. కొమ్మలు తగ్గుతాయి. ఆకులు పెద్దవై పలచబడతాయి. ఉన్న బలమంతా ఎత్తు పెరగడానికే ఖర్చయిపోతే పూతకూ కాయకూ ఏం మిగులుతుంది? పండులోని తీపి కూడా ఎండ సాయంతో ఆకు వండిన చక్కెరే. వంటింట్లో పొయ్యి సరిగా వెలగకపోతే విస్తట్లోకి ఏం వస్తుంది చెప్పండి!

అయితే అన్ని మొక్కలదీ ఒకే తంతు కాదు. నీడను ఓర్చుకునేవీ ఉన్నాయి. చిన్నప్పుడు నీడ, పెద్దయ్యాక ఎండ కోరుకునేవీ ఉన్నాయి. అసలు రుచి అక్కడే ఉంది.

ఒక్కో పండుది ఒక్కో వెలుగు

ముందు తునికి. నల్లగా, పెంకులు పెంకులుగా పగిలిన బెరడుతో దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. జపాన్ వాళ్ల పెర్సిమన్ పండు, నల్లచేవ చెట్టు, మన తునికి... మూడూ ఒకే ప్రజాతి. వేసవిలో పూసిన పువ్వు కాయై, పండడానికి దాదాపు ఏడాది తీసుకుంటుంది. మళ్లీ వేసవికి గానీ చేతికి రాదు. చిన్నప్పుడు కాస్త నీడను ఓర్చుకుంటుంది. కానీ చెట్టై కాయాలంటే తల ఎండలో ఉండాలి. ఆడచెట్లు, మగచెట్లు సాధారణంగా వేర్వేరు. ఎన్నేళ్లైనా కాయని తునికి కనిపిస్తే గొడ్రాలని తిట్టుకోకండి, అది మగచెట్టు కావచ్చు!

తర్వాత మొర్రి. పాయసంలో, మిఠాయిల్లో వేసుకునే సారపప్పు ఈ పండు గింజలోదే. చలి తగ్గే రోజుల్లో పూసి ఏప్రిల్, మే నెలల్లో పండుతుంది. ఇదీ ఎండను కోరే చెట్టే. రాళ్లూ మొరం ఉన్న పలచటి అడవిలో, ఎండ బాగా పడే వాలుల్లో హాయిగా పెరుగుతుంది.

నేరేడు తీరు వేరు. వాగుల ఒడ్డున, చల్లని చోట ఉంటుంది. ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చదు. దీని మొక్క నీడను బాగానే ఓర్చుకుంటుంది, తల్లిచెట్టు కిందే గుంపుగా మొలుస్తుంది. పండేది తొలకరిలో. అందుకు కారణం ఉంది. నేరేడు గింజ తడి ఆరితే చచ్చిపోతుంది. రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తాలి. అందుకే వానను వెంటబెట్టుకునే వస్తుంది. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే దారిలో పేరులోనే నేరేడును పెట్టుకున్నట్టుండే నేరడిగొండ తగులుతుంది. కుంటాల జలపాతానికి వెళ్లేవాళ్లు దిగేది అక్కడే. కడెం వాగు 147 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ చోట, వాగు వెంబడి చెట్ల నీడలో నడిస్తే పైనున్న మోడు అడవికీ కిందున్న పచ్చదనానికీ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇక ఉసిరి. ఇది చేసే పని మహా తమాషాగా ఉంటుంది. వేసవి మొదట్లోనే పూస్తుంది. పిందె కట్టే పని కూడా అప్పుడే మొదలవుతుంది. కానీ అక్కడితో ఆగి, వేసవంతా నిద్రపోతుంది. వానలు బాగా పడ్డాక మేల్కొని పెరగడం మొదలుపెట్టి, కార్తీకం నాటికి కాయవుతుంది. ఎండకాలపు వెలుగులో పూసి, వానకాలపు నీటితో ఊరి, చలికాలంలో చేతికొస్తుందన్నమాట.

బెర్రీ అంటే మనకు స్ట్రాబెర్రీయే గుర్తొస్తుంది గానీ వృక్షశాస్త్రం లెక్కలో అసలు అది బెర్రీయే కాదు. తునికి, నేరేడు మాత్రం అచ్చమైన బెర్రీలు. రేగు, మొర్రి టెంకె పండ్ల జాతి. పేర్లేవైనా ఇవన్నీ ఆదివాసీ గూడేల్లో పిల్లల చిరుతిండ్లు, పెద్దల చిల్లర ఖర్చులకు ఆధారం. ఎలుగుబంట్లకు సైతం ఇవే విందు. తునికి, మొర్రి, రేగు, ఇప్ప పూలు తిని, గింజల్ని మైళ్ల దూరం మోసుకెళ్లి విసర్జించే తోటమాలి ఎలుగుబంటి. అడవిలో పండు తగ్గితే అది ఊరివైపు చూస్తుంది. అప్పుడు మనిషికీ ఇబ్బందే, దానికీ ఇబ్బందే.

ఆకు కావాలా... పండు కావాలా?

తునికి దగ్గర పెద్ద చిక్కే ఉంది. బీడీ చుట్టేది దాని ఆకుతోనే. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, అటు నిజామాబాద్... ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వచ్చేది బీడీల వల్లే. అడవిలో వేసవి కూలీ దొరికేది తునికాకు వల్లే. 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం అధీనంలోకి వచ్చింది.

మంచి ఆకు కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను మొదలంటా కొడతారు. నెలా నెలన్నరకు వేళ్ల నుంచి, మొదళ్ల నుంచి మెత్తటి కొత్తాకు తన్నుకొస్తుంది. చుట్టూ చెట్లకు ఆకు లేకపోవడంతో వెలుతురు కూడా పుష్కలం. ఆ ఆకును కోసి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా.

ఏటా కొట్టే పొద ఎప్పటికీ పొదగానే ఉండిపోతుంది. చెట్టై తల పైకెత్తి కాయదు. ఆ కొద్ది నెలల ఎండను ఆకు కోసం వాడుకుంటే పండుకు మిగలదు. కొట్టకుండా వదిలేసిన పెద్దచెట్లే పండ్లిస్తాయి. కూలీ కావాలన్నా న్యాయమే, పండు కావాలన్నా న్యాయమే. అందుకే అడవిలో అక్కడక్కడా నాలుగు తునికి మొక్కల్ని చెట్లు కానివ్వడం, ఉన్న పెద్దచెట్ల జోలికి పోకపోవడం ఒక్కటే ఇద్దరికీ దారి.

మొర్రిది ఇంకో బాధ. సారపప్పుకు ధర ఉంది. ‘మనం కోయకపోతే ఇంకొకరు కోస్తారు’ అన్న భయంతో పచ్చికాయ మీదే దులిపేస్తారు. కొన్నిచోట్ల కొమ్మలకు కొమ్మలే నరికేస్తారు. ముదరని గింజలో పప్పు బరువుండదు, అది మొలకెత్తదు కూడా. కొత్త పంటనైనా కాయనైనా దేవుడికి పెట్టనిదే నోట పెట్టకూడదన్న ఆచారం ఆదివాసీల్లో ఉంది. పండు పండేదాకా ఆగమని చెప్పడానికి అంతకంటే మంచి కట్టుబాటు ఏముంటుంది? 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తుల కొనుగోలు చేపట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కునిచ్చింది. 2013-14లో కేంద్రం తెచ్చిన మద్దతు ధర పథకంలో మొర్రి గింజలూ చేరాయి. సరైన ధర గ్యారంటీగా దొరికితే పచ్చికాయ కోసే తొందర తగ్గుతుంది.

పూల పొద తెచ్చిన చీకటి

జన్నారం నుంచి ఉట్నూరు దాకా వెళ్తుంటే రోడ్డు పక్కన పసుపు, గులాబి, నారింజ రంగుల్లో గుత్తులు గుత్తులుగా పూసిన పొదలు కనిపిస్తాయి. చూడముచ్చటగానే ఉంటాయి. పేరు లాంటానా. ఇదీ సీతాఫలంలాగే అమెరికా ఖండం నుంచి వచ్చిందే. 19వ శతాబ్దం తొలినాళ్లలో తోటల్లో అందం కోసం తెచ్చారు. సీతాఫలం మన గుట్టల మీద ఒక మూలన సర్దుకుంది. లాంటానా మాత్రం ఇంటినే ఆక్రమించింది.

దీనికి చిక్కటి నీడ పడదు. నిండుగా ఉన్న అడవిలోకి సులువుగా చొరబడలేదు. చెట్లు నరికి ఆకుల కప్పు చిరిగిందంటే మాత్రం ఆ సందు నుంచి దిగిన ఎండను అందరికంటే ముందు అందుకుంటుంది. దాని నల్లటి పండ్లను పికిలిపిట్టల్లాంటివి తిని గింజల్ని అంతటా చల్లుతాయి. పశువులకు దాని ఆకు విషం కాబట్టి మేకా మేయదు, జింకా మేయదు. చూస్తుండగానే మనిషెత్తు గుబురు! అంటే పైకప్పు చిరిగిన చోట, నేలకు దగ్గరగా ఇంకో కప్పు పడిందన్నమాట. ఈ కప్పు వేసవిలోనూ మొర్రి మొలకకూ తునికి పిలకకూ ఎండ సరిగా అందనివ్వదు. ఏటా వాటికి దక్కే వెలుగుల పండగ అలా రద్దయిపోతుంది.

దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతం దాకా లాంటానా ముప్పు ఉందని 2020లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. పులుల అడవుల్లో దీన్ని వేళ్లతో సహా పీకించి గడ్డి పెంచే పనులు జరుగుతున్నాయి. నరికితే సరిపోదు, మళ్లీ చిగురిస్తుంది. వేరు రావాలి. పీకిన చోటును ఖాళీగా వదిలేయకుండా మన మొక్కలతో నింపాలి కూడా.

ఎండ మరీ ఎక్కువైనా...

వెలుతురే అంత మంచిదైతే చెట్లన్నీ కొట్టేస్తే పండ్లే పండ్లు కదా అనుకోవచ్చు. అదీ జరగదు. పూర్తిగా బోడి చేసిన నేల వేసవిలో పెనంలా కాలుతుంది. పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. నీడ ఓర్చుకునే నేరేడు అసలే రాదు. తునికి, మొర్రి మొలకలకు సైతం మొదటి వేసవి దాటడం గండమే. దానికి తోడు నిప్పు. ఇప్ప పూలు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు తగలబెట్టినా, పారేసిన బీడీ ముక్కే అంటుకున్నా ఎండుటాకుల మీద మంట మైళ్లు పాకుతుంది. పెద్ద చెట్టు మందపాటి బెరడుతో తట్టుకుంటుంది. వేలెడు మొలక ఏం తట్టుకుంటుంది?

ఒకే రకం చెట్లు వరసలుగా నాటిన టేకు, నీలగిరి తోటలు కూడా అడవికి సాటిరావు. వాటి కింద నీడ ఒకే తీరు, ఎండ ఒకే తీరు. రకరకాల చెట్లు, రకరకాల ఎత్తులు ఉంటేనే రకరకాల వెలుగులు. ఒకచోట నిండు ఎండ, పదడుగుల దూరంలో చారల నీడ, వాగు దగ్గర చల్లని మసక... ఇలా గళ్ల దుప్పటిలా ఉన్నచోటే అన్ని పండ్లకూ తావు దొరుకుతుంది. కలెకాయ, జాన, బలుసు లాంటి పొదలు ఎక్కువగా అడవి అంచుల్లో, బాటల పక్కన, మైదానాల చుట్టూ ఉండేది కూడా అందుకే. సగం ఎండ, సగం నీడ దొరికే చోటు వాటికి సొంతిల్లు.

వెళ్లాలనుకుంటే...

తునికి, మొర్రి కోసమైతే ఏప్రిల్ చివరి నుంచి మే ఆఖరు దాకా. తొలకరికి నేరేడు. దసరా, దీపావళి మధ్య సీతాఫలం. కార్తీకంలో ఉసిరి. సంక్రాంతికి రేగు, పరికి. కరీంనగర్ నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, గుడిహత్నూరు మీదుగా వెళ్లి, నేరడిగొండ, నిర్మల్ దారిలో తిరిగి రావచ్చు. అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పొద్దునా సాయంత్రమూ ఎలుగుబంట్లు పండ్ల చెట్ల దగ్గరే ఉంటాయి కాబట్టి ఒంటరిగా లోపలికి పోకూడదు.

అడవిలోకే వెళ్లనక్కర్లేదు. ఊరి అంగడికి వెళ్లినా చాలు. మోదుగాకు దొప్పల్లో, గంపల్లో పండ్లు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ‘తియ్యగున్నయా అవ్వా?’ అంటే ‘తిని సూడు బిడ్డా’ అని నాలుగు చేతిలో పెడతారు. సూపర్‌మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాలోని స్ట్రాబెర్రీకి అడిగినంతా ఇచ్చే మనం, సోలెడు మొర్రి పండ్లకు బేరమాడకపోతే ఆ చెట్టుకూ మేలే. పండుకు ధర ఉన్న చెట్టును గొడ్డలి అంత తొందరగా ముట్టుకోదు.

తిన్నాక గింజల్ని చెత్తబుట్టలో వేయకండి. నేరేడు గింజను ఆ వారంలోనే పెరట్లో తడి, కాస్త నీడ ఉన్నచోట పాతండి. రేగు, సీతాఫలం గింజలైతే పొద్దంతా ఎండపడే గట్టునో, ప్రహరీ పక్కనో వేయండి. ఉసిరి మొక్క తెచ్చుకుంటే మేడ నీడ పడని చోటు చూడండి. 2015 జులైలో హరితహారం మొదలైనప్పటి నుంచి రాష్ట్రంలో మొక్కలు నాటే అలవాటైతే వచ్చింది. ఇక నాటే ముందు ఒక్కసారి తలెత్తి, ఆ చోట ఎంత వెలుతురు ఉందో చూసుకుంటే సరి.